నీళ్ళు చూడని వాచీ

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి నీళ్ళ గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఇంటి ముందు పంటకాలువ, ఇంటి వెనక చెరువు, ఊరవతల మురుగుకాలువ, ఆ పైన ఏటిగట్టు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా తాతముత్తాతలకి అన్నం పెట్టింది ఈ కాలువలే. ఇన్ని నీళ్ళ మధ్య బతుకుతున్న మా ఇంట్లో ఆడవాళ్ళెవరికీ ఈత రాదు. అమ్మకి రాదు, వదినకి రాదు, నాకు రాదు. మగవాళ్ళందరికీ వచ్చు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న ఈ సంగతి గురించి నేను తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టింది మాత్రం మా అన్నయ్య కొనుక్కున్న ఒక వాచీ వల్ల.

అన్నయ్యకి భీమవరం దగ్గర్లో రొయ్యల చెరువులున్నాయి. రెండేళ్ళ కిందట ఒక పంటకి మంచి రేటొచ్చింది. ఆ డబ్బుతో స్విట్జర్లాండ్ వాచీ కొన్నాడు. నల్లటి డయలు, దాని చుట్టూ అంకెలేసిన తిరిగే చక్రం, కింద 200 మీటర్లు అని చిన్న అక్షరాలు. సముద్రంలో మునిగేవాళ్ళ కోసం చేసిన వాచీ అట. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ 200 మీటర్ల అంకె చూపించేవాడు. అయితే పొద్దున్నే స్నానానికి వెళ్ళేముందు మాత్రం దాన్ని జాగ్రత్తగా తీసి బీరువా మీద పెట్టి వెళ్తాడు! చెరువు గట్టు మీద కూడా అంతే. రొయ్య ఎలా ఉందో చూడ్డానికి నీళ్ళలోకి దిగేది కూలీలు. వాళ్ళ చేతులకి వాచీలుండవు.

"సముద్రంలో దిగనప్పుడు ఇదెందుకన్నయ్యా?" అనడిగాను.

"ఎందుకేంటమ్మా, అవసరమొస్తే తట్టుకుంటుంది కదా" అన్నాడు.

ఆ జవాబు అప్పుడు నవ్వు తెప్పించింది. తర్వాత చాలాకాలం నన్ను వదల్లేదు. పరిశోధన చేసే అలవాటు ఒకటి ఉంది కదా, ఆ వాచీల సంగతేమిటో చదవడం మొదలుపెట్టాను.

ఈ రకం వాచీలు ఇప్పటి రూపంలో వచ్చింది 1953 ప్రాంతంలో. ఫ్రెంచి సైన్యంలో నీటి అడుగున పనిచేసే దళం కోసం బ్లాంక్‌పాన్ కంపెనీ ఒకటి తయారుచేసింది. దాని పేరు ఫిఫ్టీ ఫాథమ్స్. మన మత్స్యకారులు లోతుని బారల్లో కొలుస్తారు. రెండు చేతులూ చాపితే ఎంతో అంత ఒక బార. ఆ పేరుకి మన భాషలో అర్థం యాభై బారలే. రోలెక్స్ వాళ్ళ సబ్‌మెరైనర్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. డయలు చుట్టూ ఉండే చక్రం అలంకారం కాదు. నీళ్ళలోకి దిగేముందు దాని మీది గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టుకోవాలి. అప్పుడు ఎన్ని నిమిషాలైందో, సిలిండర్‌లో ఇంకెంత గాలి మిగిలుంటుందో ఒక్క చూపులో అంచనా తెలుస్తుంది. నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటుంది. ఆ చక్రం ఒక్క వైపే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి కదిలినా గడిచిన సమయం ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. మనిషి కాస్త ముందే పైకి వస్తాడు కానీ ఆలస్యంగా రాడు. ఒక ప్రాణం గురించి ఆలోచించి చేసిన పనితనం అది.

డైవింగ్ వాచీ అన్పించుకోవాలంటే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. కనీసం 100 మీటర్ల లోతుకి తట్టుకోవాలి. రాసిన లోతుకన్నా 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి ప్రతి వాచీనీ పరీక్షించాలి. చీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనపడాలి. సరదాకి డైవింగ్ చేసేవాళ్ళకి గరిష్ఠంగా చెప్పే లోతు 40 మీటర్లే. అంటే నిజంగా దిగేవాళ్ళకి సైతం 200 మీటర్లు అక్కర్లేదు. పైగా 1980ల నుంచి డైవింగ్ కంప్యూటర్లు వచ్చాయి. లోతూ, సమయం, పైకి రావాల్సిన వేగం అన్నీ అవే చెబుతున్నాయి. ఇవాళ డైవర్లలో చాలామంది చేతికి కంప్యూటరే ఉంటుంది. వాచీ పెట్టుకున్నా అది రెండో ధైర్యం. మిగిలిన వాచీలన్నీ ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళలో, కార్ల స్టీరింగుల మీద ఉంటాయి. ఈ సంగతి తయారుచేసేవాళ్ళకీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. అమ్ముడయ్యేది లోతు కాదు, లోతుకి తట్టుకోగలనన్న భావన.

ఇక్కడ మనకి సంబంధించిన చరిత్ర ఒకటుంది. చేతి గడియారం మొదట్లో మగవాళ్ళది కాదు, ఆడవాళ్ళ నగ. 1810లో నేపుల్స్ రాణి కారొలీన్ మురా తన చేతికి పెట్టుకునే గడియారం చేసిపెట్టమని బ్రెగె అనే ప్రసిద్ధ గడియారాల నిపుణుడిని కోరింది. మగవాళ్ళు జేబుగడియారాలు వాడుతూ, చేతికి కట్టుకోవడాన్ని ఆడంగితనంగా చూసేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో తుపాకీ పట్టుకున్నవాడికి జేబులోంచి గడియారం తీసే తీరిక లేకపోయింది. దాంతో ఆడవాళ్ళ నగ కాస్తా మగతనానికి గుర్తయిపోయింది. ఆ తర్వాత ఆడవాళ్ళ కోసం చేసిన వాచీలు మళ్ళీ చిన్నవైపోయాయి. సన్న గొలుసు, చిన్న డయలు, 30 మీటర్లు అని రాసి ఉంటుంది. 30 మీటర్లంటే అంత లోతుకి వెళ్ళొచ్చని కాదు, చేతులు కడుక్కుంటే తుంపర్లు పడినా ఫర్వాలేదని మాత్రమే. అంట్లు తోమి, బట్టలు ఉతికి, పిల్లలకి స్నానాలు చేయించి రోజంతా నీళ్ళలో చేతులుండే మనిషికి నీళ్ళు పడని వాచీ, స్నానానికే తీసేసే మనిషికి సముద్రంలో మునిగే వాచీ!

అసలు వాచీ నీళ్ళకి తట్టుకోగలదని లోకానికి చూపించిందీ ఒక స్త్రీయే. మెర్సిడెస్ గ్లైట్జ్ లండన్‌లో టైపిస్టు. 1927 అక్టోబరు 7న ఇంగ్లీష్ ఛానల్ ఈదింది. బ్రిటన్ నుంచి ఆ పని చేసిన మొదటి స్త్రీ ఆమె. కొద్దిరోజులకే ఇంకొకామె తాను అంతకన్నా వేగంగా ఈదానని ప్రకటించి, తర్వాత అది అబద్ధమని తనే చెప్పింది. ఆ నింద మెర్సిడెస్ మీదకి కూడా వచ్చి పడింది. తన మాట నిజమని రుజువు చేసుకోవడానికి ఆమె అక్టోబరు 21న మళ్ళీ ఆ గడ్డకట్టే నీళ్ళలోకి దిగాల్సి వచ్చింది. ఈసారి మెడలో రిబ్బనుకి కట్టిన రోలెక్స్ ఆయిస్టర్ వాచీ ఉంది. పది గంటలకు పైగా ఈదాక, చలికి తట్టుకోలేని స్థితిలో ఆమెని పడవలోకి ఎక్కించారు. వాచీ మాత్రం నడుస్తూనే ఉంది. నెల తిరిగేసరికి డెయిలీ మెయిల్ పత్రిక మొదటి పేజీ అంతా ఆ వాచీ ప్రకటన. తర్వాత ఆమె ఈతతో సంపాదించిన డబ్బు పెట్టి నిరుపేదల కోసం ఇళ్ళు నడిపింది. ఇవాళ ఆ వాచీ పేరు తెలియనివాళ్ళు లేరు. ఆమె పేరు ఎంతమందికి తెలుసు?

మళ్ళీ మన గోదావరి దగ్గరకి వస్తాను. ఈ నీళ్ళలో నిజంగా మునిగేవాళ్ళు ఎవరు? రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో పడవల మీద వెళ్ళి, ఊపిరి బిగబట్టి అడుగుకి దిగి, బకెట్లతో ఇసుక తోడే కార్మికులు. పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర కాపలా ఉండే గజ ఈతగాళ్ళు. భక్తులు విసిరిన నాణేల కోసం మునిగే పిల్లలు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే పర్యాటక లాంచీ మునిగిపోయినప్పుడు, 26 మందిని ఒడ్డుకు చేర్చింది వెంటనే పడవలేసుకుని వచ్చిన చుట్టుపక్కల గిరిజన గ్రామాలవాళ్ళు. కొన్ని వందల అడుగుల లోతన్న మాట వినపడుతుండగా, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనప తాళ్ళతో వెతికి, విశాఖ డైవర్ల సాయంతో అక్టోబరు 22న ఆ లాంచీని బయటికి తీసింది. వీళ్ళలో ఎవరి గురించీ రాసినప్పుడు ఏ పత్రికా వాళ్ళ చేతి వాచీ గురించి రాయలేదు. వాళ్ళకి లోతు ఒంటికి తెలుసు.

ఆడవాళ్ళు నీళ్ళలో లేరా అంటే ఉన్నారు. 1990లలో రొయ్యల సాగు కొత్తగా ఊపందుకున్న రోజుల్లో, కాకినాడ దగ్గర కోరంగి వైపు పాయల్లో మొలలోతు నీళ్ళలో గంటల తరబడి నిలబడి టైగర్ రొయ్యపిల్లల్ని వలతో పట్టి అమ్మినవాళ్ళలో స్త్రీలూ పిల్లలూ ఎక్కువ. సున్నం కోసం గుల్ల ఏరినవాళ్ళూ వాళ్ళే. కొరియాలోని జెజు దీవిలో ఇదే పనిని సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి చేసే స్త్రీలున్నారు. వాళ్ళని హెన్యో అంటారు. వయసు మళ్ళినవాళ్ళు కూడా దిగుతారు. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మన రొయ్యపిల్లల స్త్రీలని ఎవరు గుర్తించారు? హేచరీలు వచ్చాయి, వాళ్ళ పని పోయింది, అంతే.

ఇంక మాలాంటి ఇళ్ళ ఆడవాళ్ళకి నీళ్ళతో ఉన్న సంబంధం వేరు. కార్తీకమాసంలో తెల్లవారకుండానే రేవులోకి దిగి, మెట్టు దాటకుండా మూడు మునకలు వేసి, అరటిదొప్పలో దీపం వదిలి పైకి రావడం. దీపం ఏటి మధ్యకి పోతుంది, మనం మెట్టు మీదే ఉంటాం. లేదంటే కాలువ రేవులో బట్టలు ఉతకడం. మా అమ్మమ్మ చెల్లెలు అలాగే పోయిందట. లాకులు ఎత్తిన రోజున, ప్రవాహంలో జారిపోతున్న దుప్పటి కోసం ఒక్క అడుగు ముందుకి వేసింది. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఆ తర్వాత మా తాతగారు ఇంట్లో మగపిల్లలందరికీ ఎండుకొబ్బరికాయల జత నడుముకి కట్టించి కాలువలో ఈత నేర్పించారు. ఆడపిల్లల్ని రేవుకి పంపడం మానిపించారు. పోయింది ఆడపిల్ల, ఈత నేర్చింది మగపిల్లలు. ఈ కథ నేను వందసార్లు విన్నాను. చెప్పిన ప్రతిసారీ అమ్మ "తాతగారు అంత జాగ్రత్త మనిషి" అని ముగించేది.

రేవుకి వెళ్ళడం మానినవాళ్ళు ఎంతకాలం మానగలరు? పెళ్ళయ్యాక ఇంకో ఊళ్ళో ఇంకో రేవు ఉంటుంది.

ఈ సంగతులన్నీ నా మనసులో తిరుగుతున్నప్పుడే మా మేనకోడలి గొడవ వచ్చింది. అన్నయ్య కూతురికి పన్నెండేళ్ళు. రెండు వేసవులుగా ఊళ్ళో ఈతకొలనుకి వెళ్ళి చక్కగా ఈత నేర్చుకుంది. నీళ్ళలో ఉంటే దానికి వేరే లోకం. కిందటి సంవత్సరం పెద్దమనిషయింది. చాపా, చిమ్మిలీ, బంతీ, ఫోటోగ్రాఫరూ అన్నీ అయ్యాక, వేసవి వచ్చేసరికి ఈత ఊసు ఎవరూ ఎత్తలేదు. అదే అడిగింది. "ఇంకెక్కడి ఈతలే, ఆ బట్టలేంటి, ఆ నేర్పే మగాళ్ళేంటి, నల్లబడి పోతావ్" అంది అమ్మ. అన్నయ్య ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా నిర్ణయమే అని మనందరికీ తెలుసు. పిల్ల నా దగ్గరకొచ్చి, "అత్తా, నాకు వచ్చిన ఈత ఇప్పుడేం చేసుకోను?" అంది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. మాటలతోనే నా పని. కాబట్టి ఆ ప్రశ్న వినగానే మన భాషలో ఆడవాళ్ళూ నీళ్ళూ కలిసి ఎక్కడ కనిపిస్తారా అని ఆలోచించాను. 'నుయ్యో గొయ్యో చూసుకుంటాను' అంటుంది ఆడది. 'గోదాట్లో దూకుతాను' అంటుంది. మగవాడు మాత్రం సంసారాన్ని ఈదుతాడు, కష్టాలు ఈది ఒడ్డున పడతాడు. మన నుడికారంలో నీళ్ళు మగవాడికి దాటేవి, ఆడదానికి చచ్చేవి. ఎన్ని కథల్లో, ఎన్ని నవలల్లో నాయికని ఏమి చెయ్యాలో తోచక రచయితలు నీళ్ళలో పడేశారో లెక్కపెడితే మంచి సిద్ధాంత గ్రంథమే అవుతుంది.

అందుకే కాబోలు మనం, అంటే రాసే స్త్రీలం, 'ఎదురీత' అన్న మాటని అంత ఇష్టంగా పట్టుకున్నాం. వ్యాసాల శీర్షికల్లో, ముందుమాటల్లో, సభల్లో ఎక్కడ చూసినా ఎదురీతే. నాకూ ఇష్టమైన మాటే. కానీ ఒక సదస్సులో భోజనాల దగ్గర ఊరికే అడిగి చూశాను, ఇక్కడ ఈత ఎందరికి వచ్చని. మా బల్ల దగ్గర తొమ్మిదిమందిమి ఉన్నాం. ఒక్కరికి వచ్చు. ఆవిడ కూడా పెళ్ళయ్యాక ఎప్పుడూ దిగలేదుట. అందరం నవ్వుకున్నాం. మా అన్నయ్య వాచీకీ మన మాటకీ పెద్ద తేడా లేదేమోనని నాకు అప్పుడన్పించింది. రెండూ లోతుకి తట్టుకుంటాయి. రెండూ ఒడ్డునే ఉన్నాయి. అలాగని ఆ మాట వదిలెయ్యాలని నేననడం లేదు. ప్రవాహానికి ఎదురుగా నిలబడిన స్త్రీలెందరికో ఆ మాట నిజమే. అయితే ఒక మాటని రూపకంగా వాడుకునే ముందు, దాని అసలు అర్థంలో మన పిల్లలకి ఎంత దక్కిందో కూడా చూసుకోవాలి కదా. చదువు విషయంలో మన ముందు తరాలవాళ్ళు అలాగే చూసుకున్నారు. 'విద్య వెలుగు' అని ఊరుకోలేదు, పలకా బలపం చేతికిచ్చారు.

అన్నయ్యతో ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడాను. నా దగ్గర కొత్త వాదనేమీ లేదు. ఆయన మాటే ఆయనకి గుర్తుచేశాను.

"అవసరమొస్తే తట్టుకుంటుంది కదా అని అంత డబ్బు పెట్టి వాచీ కొన్నావు. అది జన్మలో సముద్రం చూడదని నీకూ తెలుసు. అయినా తప్పులేదన్నావు. పిల్లకొచ్చిన ఈత కూడా అంతే కదన్నయ్యా. రోజూ అక్కర్లేకపోవచ్చు. అవసరమొచ్చిన రోజున దాని దగ్గర ఉండాలి కదా."

"అది వేరు, ఇది వేరు" అన్నాడు.

"ఎలా వేరు?"

చాలాసేపు మాట్లాడలేదు. ఎలా వేరో చెప్పడం కష్టం మరి. వాచీ ఎవరి కంటా పడకుండా దాచాల్సిన వస్తువు కాదు, పన్నెండేళ్ళ ఒళ్ళు దాచాల్సిన వస్తువు. ఇంతకు మించి తేడా లేదు. ఆ సంగతి తండ్రిగా తను నోటితో అనలేడు, అనకపోవడం నాకు కొంత నయమే అన్పించింది.

పరిష్కారం నా వల్ల రాలేదు, వదిన వల్ల వచ్చింది. ఇంతకాలం ఈ గొడవలో ఒక్కమాటా మాట్లాడని వదిన, మర్నాడు కాఫీలిస్తూ, "మధ్యాహ్నం మూడింటికి ఆడవాళ్ళకి విడిగా గంట ఉందిటండీ. నేనూ చేరతాను, దీంతోపాటు వెళ్ళొస్తాను" అంది అన్నయ్యతో. అందరం తెల్లబోయాం. "నీకెందుకే ఈ వయసులో?" అంది అమ్మ. "చెరువుల మధ్యనే కదండీ అత్తయ్యగారూ ఇల్లు" అంది వదిన. అంతకన్నా వివరించలేదు. వదినకి నలభై రెండేళ్ళు. మొదటివారం గట్టు పట్టుకుని కాళ్ళు ఆడించడమేనట. ఇప్పుడు అడ్డంగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వస్తోంది. మూడో మనిషిగా నేనూ, ఇంటికి వచ్చిన ప్రతిసారీ. నీళ్ళ మీద వెల్లకిలా తేలడం వరకూ వచ్చింది నాకు. తలకాయ వెనక్కి వదిలెయ్యడానికి మాత్రం ఇంకా భయమే. ముప్ఫయ్యేళ్ళ పైబడి నేర్చుకున్న జాగ్రత్త ఒంట్లోంచి ఒక వేసవిలో పోతుందా!

వయసు సంగతి వచ్చింది కాబట్టి సామర్లకోటకి చెందిన గోలి శ్యామల గారి గురించి చెప్పాలి. 2021లో ఆమె శ్రీలంకకీ మనకీ మధ్యనున్న పాక్ జలసంధిని ఈదారు. 52 ఏళ్ళ వయసులో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో రోజుకి కొంత చొప్పున ఈది, 2025 జనవరి మొదటివారంలో ఒడ్డెక్కారు. మన తీరం వెంబడే! ఆ వార్త వచ్చిన రోజు వదిన ఆ పేపరు ముక్క కత్తిరించి వంటింట్లో డబ్బాల అలమర తలుపుకి అంటించింది. అమ్మ చూసి, "ఎంత ధైర్యమో మహాతల్లికి" అంది. అంతవరకూ వచ్చింది అమ్మ కూడా.

డైవింగ్ వాచీ ఉన్నవాళ్ళు నిజంగా నీళ్ళలోకి దిగుతారా అని ఎవరైనా అడిగితే, చాలామంది దిగరు, దిగనక్కర్లేదు కూడా అనే నా జవాబు. ఎవరి సరదా వాళ్ళది. సామర్థ్యాన్ని దగ్గర పెట్టుకోవడంలో ఒక ధైర్యముంది, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. నా ప్రశ్న ఆ ధైర్యం ఎవరికి కొనిస్తున్నాం, ఎవరి దగ్గర్నుంచి తీసేస్తున్నాం అన్నది. 2027లో మళ్ళీ గోదావరికి పుష్కరాలు. ఘాట్లు కడతారు, రోడ్లు వేస్తారు, గజ ఈతగాళ్ళని నియమిస్తారు. ఆ రేవుల్లో మునకలేసేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే ఉంటారు. వాళ్ళలో తేలడం వచ్చినవాళ్ళు ఎందరుంటారు? ఈ గోదావరి జిల్లాల్లో కాలువ గట్టు మీదున్న బడులు చాలానే ఉన్నాయి. ఏడో తరగతి దాటేలోపు ప్రతి ఆడపిల్లకీ ఈత నేర్పించడానికి కావలసినవి నీళ్ళూ, నేర్పే ఒక ఆడమనిషీ, ఊరు ఒప్పుకునే ఒక గంటా. నీళ్ళు ఎలాగూ ఉన్నాయి. మిగిలిన రెండింటి గురించీ మనం రాయాలి, అడగాలి. వీలైతే ముందు మనమూ దిగాలి.